ముప్పయ్యొక్కేళ్ళు ఇంగ్లీషు చెప్పాక మొదటి నాటకం చదివాను

ముందు సిగ్గు విడిచి ఒక సంగతి ఒప్పుకోవాలి. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పయ్యొక్కేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషు సెకండ్ క్లాసులో పాసయ్యాను. షేక్‌స్పియర్ మీద పేజీలకు పేజీలు వ్యాసాలు రాశాను. కానీ ఒక్క ఇంగ్లీషు నాటకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన పాపాన పోలేదు. అంతా బజారు నోట్సే. "క్యారెక్టర్ స్కెచ్, సమ్మరీ, ఇంపార్టెంట్ కొటేషన్స్" అని అట్ట మీద వేసి అమ్మేవాళ్ళే, ఆ సరుకు. క్లాసులో నేను చెప్పిందీ అసలు నాటకం కాదు. చార్లెస్ లాంబ్, ఆయన అక్క మేరీ కలిసి 1807లో పిల్లల కోసం కథలుగా మార్చి రాసినవి ఉన్నాయి కదా, వాటి ముక్కలు.

రిటైరై మూడేళ్ళయ్యాక, అరవై మూడో ఏట, ఇంగ్లండులో మనవణ్ణి ఆడిస్తూ ఆరు నెలల్లో తొమ్మిది నాటకాలు మొదలుపెట్టి ఏడు పూర్తి చేశాను. ఒకటి లండన్‌లో నిలబడి చూశాను. నాలాగా "చదవాలి, చదవాలి" అనుకుంటూ వాయిదా వేస్తున్నవాళ్ళకి ఏమైనా పనికొస్తుందేమోనని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏప్రిల్ 6న రెడింగ్‌లో దిగాను. లండన్‌కి పడమటి వైపు ఊరు, రైల్లో అరగంట. అమ్మాయికి ప్రసూతి సెలవు అయిపోవచ్చింది, బాబుకి పదకొండో నెల. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండనిస్తారు, మనలో సగం మంది అమ్మమ్మలు చేసే ఉద్యోగమే. వారం పది రోజులు నిద్ర సర్దుకోవడానికీ చలికీ సరిపోయింది. ఆ తర్వాత విసుగు మొదలైంది. బాబు పన్నెండున్నరకి పడుకుంటే రెండింటి దాకా లేవడు. ఆ గంటన్నర ఏం చెయ్యాలో తోచేది కాదు. సీరియళ్ళు చూస్తే తలనొప్పి. ఎదురింటి వాళ్ళతో మాట్లాడదామంటే ఎదురింట్లో ఎవరున్నారో వాళ్ళకే తెలిసినట్టు లేదు.

ఏప్రిల్ 19న స్ట్రోలర్‌లో బాబుని వేసుకుని ఊరి మధ్యకి వెళ్ళాను. పాత మఠం శిథిలాల పక్కన ఎర్ర ఇటుక గోడ ఒకటి పొడుగ్గా కనిపించింది. అది మూతపడ్డ జైలనీ, ఆస్కార్ వైల్డ్‌ని పెట్టింది అక్కడేననీ సాయంత్రం అల్లుడు చెప్పాడు. గుండె ఒక్కసారి ఝల్లుమంది. ఎం.ఏ.లో నేను ఆయన నాటకం "ద ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్" మీద ఆరు పేజీల వ్యాసం రాసి వచ్చాను, చదవకుండా! ఆ నాటకం 1895 ఫిబ్రవరి 14న లండన్‌లో మొదటిసారి ఆడింది. మే నెలలో ఆయనకి రెండేళ్ళ కఠిన శిక్ష పడింది. కేసు నడుస్తుండగానే పోస్టర్ల మీద ఆయన పేరు తీసేసి కొన్నాళ్ళు ఆడించారు, ఆ తర్వాత ఆపేశారు. నవంబరులో ఈ జైలుకి తెచ్చారు. ఊరంతటినీ నవ్వించిన మనిషి అదే ఏడాది చివరికి ఈ గోడ వెనక ఉన్నాడు. ఆ గోడ పక్కనుంచే నేను డైపర్లు కొనుక్కుని వచ్చాను.

మర్నాడే లైబ్రరీకి వెళ్ళాం. నా పేరు మీద కార్డంటే ఇంటి అడ్రసుకి రుజువు చూపించాలన్నారు. నాకెక్కడిది? అమ్మాయి కార్డు మీదే తీసుకున్నాను. పుస్తకం మూడు వారాలు ఉంచుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

వైల్డ్ నాటకం రెండు మధ్యాహ్నాల్లో అయిపోయింది. ఇంత తేలికా అనుకున్నాను. అందులో ఇద్దరు అమ్మాయిలు టీ తాగుతూ మర్యాదగా కొట్టుకునే సీను ఉంది. వచ్చిన పిల్ల పంచదార వద్దంటుంది, ఇంటి పిల్ల నాలుగు పలుకులు పడేస్తుంది. బ్రెడ్డూ వెన్నా చాలు, కేకు వద్దంటుంది, పెద్ద కేకు ముక్క కోసి ఇస్తుంది. ఒకరినొకరు పన్నెత్తి మాట అనరు. మా మేనత్తల ఇళ్ళల్లో పెళ్ళి భోజనాల దగ్గర నేను చూసిన యుద్ధాలన్నీ కళ్ళముందు కదిలాయి. నవ్వీ నవ్వీ బాబుని నిద్ర లేపేశాను.

ఆ ఉత్సాహంలో చేసిన పొరపాటు ఏమిటంటే, వెంటనే "కింగ్ లియర్" మీద పడ్డాను.

మే 2న మొదలుపెట్టాను. తెచ్చుకున్న పుస్తకంలో పేజీకి పైన నాటకం నాలుగు లైన్లు, కింద చీమల బారులాగా నోట్సు ముప్పై లైన్లు. పై లైను చదవడం, కిందికి దిగడం, అర్థం చూసుకోవడం, మళ్ళీ పైకెక్కడం. ఎక్కడున్నానో వెతుక్కోవడం. మొదటి సీను ఒక్కటే నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజుకి ఒక్క ముక్క గుర్తులేదు. ముప్పయ్యొక్కేళ్ళు పిల్లల చేత నేను చేయించింది ఇదే కదా అనిపించింది: మాటకి అర్థం, మాటకి అర్థం, మాటకి అర్థం. చివరికి పాఠం ఏదీ అంటే దిక్కులు చూసేవాళ్ళు పాపం. కోపగించుకునేదాన్ని.

తర్వాత లాంబు కథ ముందు చదివి నాటకంలోకి వెళ్దామని చూశాను. కథ తెలిసింది. కథ తెలిశాక ఇక చదవడం దేనికి అనిపించింది. ఇంకో వారం పుస్తకం ముట్టలేదు. లైబ్రరీ గడువు దగ్గరపడుతోంది. ఈలోగా చారిటీ షాపులో నోట్సు లేని పాత లియర్ ఒకటి పౌనున్నరకి దొరికింది. అట్ట ఊడింది, ఎవరో స్కూలు పిల్ల మొదటి పేజీ నిండా పువ్వులు గీసింది. అదే నాకు కలిసొచ్చింది.

ఎందుకంటే మే 17న బాబు అన్నం తినడం మానేశాడు. పళ్ళొస్తున్నాయి. పాటలు పాడాను, చందమామని పిలిచాను, ఫోను చూపించాను, లాభం లేదు. విసుగొచ్చి బల్ల మీదున్న లియర్ తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టాను, మా నాన్న పద్యాలు చదివినట్టు. వాడు నోరు తెరిచాడు. గబుక్కున ముద్ద పెట్టాను.

మా నాన్న గురించి రెండు మాటలు చెప్పాలి. తెనాలి దగ్గర పల్లె, మూడెకరాల రైతు. కానీ పంట ఇంటికొచ్చాక మొహానికి రంగేసుకునేవాడు. పద్యనాటకాల్లో మొదట అర్జునుడు, గొంతు బరువెక్కాక దుర్యోధనుడు. "బావా ఎప్పుడు వచ్చితీవు" పద్యం కృష్ణుడు అందుకుంటే జనం "వన్స్ మోర్" అని కేకలేసేవాళ్ళు. కృష్ణుడు మళ్ళీ పాడేవాడు, నాన్న మళ్ళీ అదే ఠీవితో కూర్చుని వినేవాడు. నేను ఎం.ఏ. కట్టానని చెబితే "నాటకాన్ని చదివేదేంటమ్మా, పిచ్చిదానా, వినేది కదా" అన్నాడు. నాకు అప్పట్లో అది చదువురాని మాటగా వినిపించింది.

ఆ రోజు నుంచి అన్నం వేళ ఒక సీను, నిద్ర వేళ ఒక సీను. అర్థంకాని మాట వస్తే ఆగకూడదని పంతం పెట్టుకున్నాను. నోటితో అంటుంటే సగం మాటలు వాటంతట అవే తెలిసిపోయేవి. తిట్టయితే తిట్టులాగే ఉండేది. తెలియనివి తెలియకుండానే దాటిపోయేవి, వాటి వల్ల నష్టమూ రాలేదు.

అసలు సంగతి రెండోసారి మొదటి సీను చదువుతున్నప్పుడు జరిగింది. ముసలి రాజు చిన్న కూతుర్ని వెళ్ళగొడుతున్నాడు. కెంట్ అనే సామంతుడు అడ్డుపడతాడు. "రాయల్ లియర్, నిన్ను రాజుగా గౌరవించాను, తండ్రిగా ప్రేమించాను" అంటూ మర్యాదగానే మొదలుపెడతాడు. రాజు వినడు. అప్పుడు కెంట్ "వాట్ వుడ్స్ట్ దౌ డూ, ఓల్డ్ మ్యాన్?" అంటాడు. గట్టిగా చదువుతున్న దాన్ని టక్కున ఆగిపోయాను. దౌ! నిండు సభలో, రాజుని పట్టుకుని, "ఏం చేస్తావురా ముసలోడా" అన్నట్టు! బాబు నోరు తెరుచుకుని చూస్తున్నాడు, ముద్ద నా చేతిలోనే ఉంది.

నేను క్లాసులో ఏం చెప్పేదాన్నంటే, "దౌ అంటే పాత ఇంగ్లీషులో యూ, రాసుకోండి." అంతే. పిల్లలు రాసుకునేవాళ్ళు. షేక్‌స్పియర్ కాలంలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉండేవనీ, యూ అంటే మీరు, దౌ అంటే నువ్వు అనీ, ఎవరు ఎవర్ని ఎప్పుడు ఏది అన్నారో దాంట్లోనే సగం నాటకం ఉంటుందనీ ఒక్కరోజు కూడా చెప్పలేదు. నాకే తెలిస్తే కదా. ఏదో నోట్సులో ఒక లైను చదివి ఉంటాను, పట్టించుకుని ఉండను. కానీ అది వినడానికి తెలుగువాళ్ళకి వేరే చదువు అక్కర్లేదు. పొద్దున్న లేచింది మొదలు మనం చేసే పని అదే. కొత్త కోడలు ఎవర్ని నువ్వంది, పెళ్ళయ్యాక తమ్ముణ్ణి మీరు అనాలా, మేనల్లుడు కలెక్టరైతే ఏమనాలి... ఈ లెక్కలు మన రక్తంలో ఉన్నాయి.

ఆ తర్వాత పెన్సిలు తీసుకుని దౌ వచ్చిన ప్రతిచోటా చిన్న గీత గీయడం మొదలుపెట్టాను. అన్నిచోట్లా లెక్క కుదరదు, ముందే చెబుతున్నాను. ఒకే మనిషి ఒకే మాటలో రెండూ వాడిన చోట్లున్నాయి. మనమూ అంతే కదా, కోపంలోనూ ముద్దులోనూ గాడి తప్పుతాం. కానీ కుదిరిన చోట ఒళ్ళు జలదరిస్తుంది.

ఇరవై మూడు రోజులు పట్టింది లియర్. మే 24న, నాలుగో అంకం చివర, ఒకచోట ఆగిపోయాను. మతి చెదిరిన లియర్ నిద్రలేస్తాడు. ఎదురుగా తను వెళ్ళగొట్టిన కూతురు. గుర్తుపట్టడు. మధ్యలో ఒక్కచోట దౌ అంటాడు గానీ మిగతాదంతా యూ, యూ. "మీరు ఆత్మ, నాకు తెలుసు. మీరెప్పుడు చనిపోయారు?" అన్నట్టు అడుగుతాడు. గుర్తుపట్టాక కూడా మారడు. "మీ కన్నీళ్ళు తడిగా ఉన్నాయా? మీ దగ్గర విషముంటే ఇవ్వండి, తాగుతాను."

మా నాన్న ఆఖరి ఏడాది నన్ను మీరు అన్నాడు. పొద్దున్నే కాఫీ తీసుకెళితే మంచం మీద సర్దుకుని కూర్చుని, "అమ్మగారూ, మీరెవరి తాలూకండీ?" అనేవాడు. ఎంతో మర్యాదగా. తిట్టినా బాగుండేది. నేను బయటికొచ్చి వంటింట్లో నిలబడేదాన్ని. ఆ మీరు ఎంత దెబ్బో ఎవరికైనా చెబితే అర్థమయ్యేది కాదు, "మర్యాదగానే మాట్లాడుతున్నాడుగా" అనేవాళ్ళు. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషువాడికి తెలుసు.

ఆ రోజు ఇంక చదవలేదు. సాయంత్రం అమ్మాయి వచ్చి కళ్ళెందుకలా ఉన్నాయంటే ఉల్లిపాయలన్నాను.

చివరి సీను మర్నాడు చదివాను. కూతురి శవాన్ని ఎత్తుకుని "హౌల్, హౌల్, హౌల్" అంటూ వస్తాడు. ఈ ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని వరసగా ఉంటాయి. నడిమి గోడ ఒక్క ఇటుక మందం ఉంటుందేమో. నేను మూడో హౌల్ అన్నానో లేదో తలుపు టకటకమంది. పక్కింటావిడ. డెబ్బై రెండేళ్ళు, తెల్లటి పొట్టి జుట్టు, తోట పని చేస్తూ చేస్తూ వచ్చినట్టుంది, చేతికి మట్టి. "యూ ఆల్‌రైట్, లవ్?" అంది. రెండు నెలల్లో ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట. నేను కళ్ళు తుడుచుకుంటూ పుస్తకం చూపించాను. ఆవిడ అట్ట చూసి మొహం వికారంగా పెట్టి, స్కూల్లో ఇదే పరీక్షకి చదివించారనీ, అప్పట్నుంచీ ఆ పెద్దమనిషి జోలికి వెళ్ళలేదనీ చెప్పింది. నోట్సు బాధితులం ఇక్కడా ఉన్నామన్నమాట.

టీ పెట్టాను. దౌ సంగతి చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. దౌ అంటే గొప్ప మాట, దేవుణ్ణి అనే మాట, చర్చిలో ప్రార్థనంతా దై, దైన్ (నీ, నీది) అనే ఉంటుంది, అది నువ్వెలా అవుతుంది అంది. ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చింది. తర్వాత తట్టింది: మేమూ దేవుణ్ణి నువ్వనే అంటాం. వెంకటేశ్వరస్వామిని మీరు అని ఎవరూ మొక్కుకోరు. అమ్మని నువ్వంటాం, దేవుణ్ణి నువ్వంటాం, పాలేరునీ నువ్వంటాం. మధ్యలో ఉన్నవాళ్ళందరూ మీరు. ఆవిడ కప్పు కింద పెట్టి కాసేపు మాట్లాడలేదు. ఇంగ్లీషువాళ్ళు రోజువారీ మాటల్లోంచి దౌని వదిలేసుకున్నారు, అది ప్రార్థనల్లో మాత్రం మిగిలింది, అందుకని వాళ్ళకది పట్టుబట్టలా కనిపిస్తోంది. ఒకప్పుడు ఇంట్లో కట్టుకునే నేత చీరే.

ఆవిడ వెళ్ళాక మిగిలిన రెండు పేజీలు మెల్లగా చదివాను. చచ్చిపోయే ముందు లియర్ పక్కనున్న మనిషితో ఏమంటాడో తెలుసా? "ప్రే యూ, అన్‌డూ దిస్ బటన్. థాంక్ యూ, సర్." ఈ గుండీ కాస్త విప్పుతారా, చాలా థాంక్సండీ. మొదటి సీనులో లోకాన్నంతా గదమాయించిన మనిషి.

జూన్ సరదాగా గడిచింది. "మాక్‌బెత్" చిన్నది, మూడు మధ్యాహ్నాలు. హత్య జరిగిన రాత్రి కోట తలుపు ఎవరో దబదబా బాదుతూనే ఉంటారు. సరిగ్గా ఆ సీను చదువుతుంటే మా తలుపు కూడా బాదారు. కొరియర్ అబ్బాయి. వణుకుతున్న చేత్తో సంతకం పెట్టాను. "హామ్లెట్" పొడుగు, పదిహేడు రోజులు. కథ మధ్యలో నేను దారి తప్పాను, హామ్లెట్ కూడా తప్పాడు కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. కానీ తల్లి గదిలో సీను చూడండి. తల్లి కొడుకుని మందలిస్తూ దౌ అని మొదలుపెడుతుంది: "హామ్లెట్, నువ్వు మీ నాన్నని చాలా నొప్పించావు." అక్కడ నాన్నంటే మారుటి తండ్రి. కొడుకు యూ అంటాడు: "అమ్మా, మీరు మా నాన్నగారిని చాలా నొప్పించారు." వెంటనే తల్లి కూడా యూలోకి మారిపోతుంది. ఆ మారడం చూశారా? మా ఇంట్లో అమ్మ "ఏరా" అన్నంత సేపు భయం లేదు. "ఏం బాబూ, తమరికి భోజనం ఇక్కడికే తెమ్మంటారా?" అందంటే ఆ రోజు వీపు విమానం మోతే. నాలుగు లైన్ల సీను, తెలుగిల్లు.

అన్నీ నచ్చాయని చెప్పను. షేక్‌స్పియర్ కాలంవాడే అయిన మార్లో రాసిన "డాక్టర్ ఫాస్టస్" మొదలూ చివరా అద్భుతం. గడియారం పదకొండు కొట్టాక బతకడానికి ఒక్క గంటే మిగిలిన మనిషి మాటలు చదువుతుంటే నాకే చెమట పట్టింది. మధ్యలో వచ్చే కోతి చేష్టలు పేజీలు తిప్పేశాను, అందుకని దాన్ని పూర్తి చేసిన లెక్కలో వెయ్యలేదు. బెన్ జాన్సన్ "వోల్‌పోనీ" అయితే రెండో అంకంలో చేతులెత్తేశాను. ఆ కాలపు యాస, మందుల పేర్లు, ఎగతాళి, ఏదీ నోటికి ఎక్కలేదు. మళ్ళీ ప్రయత్నిస్తానేమో.

జూలైలో షెరిడన్ "రైవల్స్" చదివాను. 1775 నాటి హాస్యం. దీన్ని మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు "కల్యాణ కల్పవల్లి"గా తెలుగులోకి తెచ్చారని ఎప్పుడో పరీక్షకి బట్టీ పట్టాను, తెలుగు పుస్తకమూ చూడలేదు, ఇంగ్లీషుదీ చూడలేదు. అందులో మిసెస్ మాలప్రాప్ అనే పెద్దావిడ పెద్ద మాటలు వాడబోయి తప్పు మాటలు వాడుతుంది. నైలు నది ఒడ్డున ఎలిగేటర్ అనబోయి "ఎలిగొరీ" అంటుంది. అంటే నది ఒడ్డున మొసలికి బదులు ఒక అలంకారం పడుకుని ఉందన్నమాట! నాకు నవ్వు సగమే వచ్చింది. మిగతా సగం, స్టాఫ్‌రూంలో ఇన్‌స్పెక్షన్ రోజున నేను వాడిన ఇంగ్లీషు గుర్తొచ్చి గొంతులో ఆగిపోయింది. బెర్నార్డ్ షా "పిగ్మేలియన్" కూడా అలాగే గుచ్చుకుంది. పూలమ్ముకునే పిల్లకి ఉచ్చారణ నేర్పి దొరసానిని చేస్తారు. ఆ పిల్ల అక్షరం పొల్లుపోకుండా పలుకుతుంది, కానీ చెప్పే కబురు మాత్రం తన పిన్నిని ఇంట్లోవాళ్ళే చంపేశారేమోనని! ఇంకో వింత, ఆయన "డోంట్", "వోంట్" లాంటి మాటలకి పైన కామాలాంటి అపాస్ట్రఫీ పెట్టడు. నేను మార్కులు కోసేసిన పిల్లలు ఎంతమందో.

ఈలోగా పక్కింటావిడ వారానికి రెండు సాయంత్రాలు రావడం మొదలుపెట్టింది. "ట్వెల్త్ నైట్" ఇద్దరం పంచుకుని చదివాం. ఆదివారం అల్లుణ్ణి కూడా కూర్చోబెట్టాం. అతను నన్ను "అత్తయ్యగారూ, మీరు" తప్ప మరో మాట అనడు. అందులో సర్ టోబీ అనే తాగుబోతు ఒక పిరికి మిత్రుణ్ణి ద్వంద్వయుద్ధానికి ఎగదోస్తూ, సవాలు ఉత్తరం ఎలా రాయాలో చెబుతాడు: వాణ్ణి ఒక మూడుసార్లు దౌ అంటే తప్పు లేదు, అని. నువ్వు అనడమే తిట్టు! ఆ ఉత్తరం నా పాత్రకి రావాలి, అల్లుడు చదవాలి. "యూత్, వాట్సోఎవర్ దౌ ఆర్ట్" అని మొదలుపెట్టి, నావైపు చూసి, "అత్తయ్యగారూ, దీని అర్థం తెలిశాక మీతో అనలేనండీ" అని పుస్తకం అమ్మాయికి ఇచ్చేశాడు. అమ్మాయి మాత్రం హాయిగా చదివేసింది.

లండన్‌లో షేక్‌స్పియర్ నాటకాలకి పేరున్న గ్లోబ్ థియేటరులో అదే నాటకం ఆడుతోందని ఆవిడే కనిపెట్టింది. ఆగస్టు చివరి బుధవారం, మధ్యాహ్నం రెండింటి ఆట. కూర్చునే టికెట్లు నా పెన్షనుకి అందనంత ఎత్తులో ఉన్నాయి. నిలబడి చూసేవి మాత్రం పది పౌన్ల లోపే. రైలుకి రానూపోనూ పాతిక పౌన్లకి కాస్త అటూఇటూ అయింది, అంటే నాటకం కన్నా రైలే ఖరీదు. పులిహోర డబ్బా ఇంటినుంచే.

నిలబడి చూద్దామనుకునేవాళ్ళకి కొన్ని సంగతులు. నిజంగా నిలబడాలి. నేల మీద కూర్చోబోతే అక్కడి వాలంటీర్లు నవ్వుతూనే లేపుతారు. నడిమి ఆవరణకి పైకప్పు లేదు, గొడుగు తెరవనివ్వరు, వెనకవాళ్ళకి అడ్డమని. టోపీ ఉన్న వానకోటు తీసుకెళ్ళండి. త్వరగా లోపలికి వెళ్ళి వేదిక అంచునో, వెనక గోడనో పట్టుకుంటే ఆనుకోవచ్చు. మేం వేదికని పట్టుకున్నాం, నటుల చెప్పుల దుమ్ము మా మీద పడేంత దగ్గర. మోకాళ్ళకి పట్టీలు కట్టుకునే వెళ్ళాను. అయినా ఇంటర్వెల్‌కి కుడి మోకాలు నాది కాకుండా పోయింది.

తలెత్తితే గుండ్రంగా గడ్డి కప్పు. అసలు గ్లోబు 1599లో కట్టింది. 1613 జూన్ 29న నాటకం మధ్యలో ఫిరంగి పేలిస్తే నిప్పురవ్వ గడ్డికి అంటుకుని మొత్తం కాలిపోయింది. ఒకాయన పంట్లానికి నిప్పంటుకుంటే చేతిలో ఉన్న బీరు పోసి ఆర్పుకున్నాడట. ఇప్పటిది ఆ చోటికి దగ్గర్లోనే మళ్ళీ కట్టి 1997లో తెరిచారు. మా ఊళ్ళో తాటాకు పందిట్లో పెట్రోమాక్స్ లైటు పేలినప్పుడు నాన్న గదతో సహా దూకి పరుగెత్తడం గుర్తొచ్చింది.

లైట్లు ఆర్పరు. అది నేననుకోలేదు. పట్టపగలు, నటులకి మన మొహాలు కనిపిస్తూ ఉంటాయి, మనల్ని చూసే మాట్లాడతారు. తిండి తింటున్నవాళ్ళు తింటున్నారు, పైన హెలికాప్టరు పోతే ఒక నటుడు మాట ఆపి దాని వైపు చూసి ఊరుకున్నాడు, జనం గొల్లుమన్నారు. "వన్స్ మోర్" ఒక్కటే తక్కువ. మూడు గంటలకి వాన మొదలైంది. ఎవరూ కదల్లేదు.

సర్ టోబీ ఆ మాట అన్నాడు. మూడుసార్లు దౌ అను, తప్పు లేదు. నేను పక్కున నవ్వాను. పక్కింటావిడ నాకంటే గట్టిగా నవ్వింది. చుట్టూ నవ్వింది మేమిద్దరమే అనుకుంటాను, ముందున్న కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు. కాసేపటికి ఉత్తరం చదివే సీను వచ్చింది. ఆవిడ వానకోటు చేతిలోంచి చెయ్యి బయటపెట్టి వేళ్ళు మడుస్తోంది. ఒకటి. రెండు. మూడోదానికి నా మోచెయ్యి పొడిచింది. నాలుగు దాటాక ఇద్దరం లెక్క వదిలేశాం.

తిరుగు రైల్లో తడి బూట్లు విప్పి కాళ్ళు చాపుకుని పులిహోర తింటున్నాం. ఆవిడకి కారం ఎక్కువైంది, అయినా ఆపలేదు. ఉన్నట్టుండి అడిగింది, మీ భాషలో నేను నీకు ఏదవుతాను, దౌనా, యూనా అని. మీరు అన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది. మూడు నెలల స్నేహం, కలిసి వానలో తడిశాం, ఇంకా మీరేనా అంది. అనబోయాను. నువ్వు అని నోటిదాకా వచ్చింది. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దావిడ, రాలేదు. మరి ఎప్పటికి వస్తుందని అడిగింది. నా వీసా సెప్టెంబరు ఆఖరుకి అయిపోతుంది. ఇంకో వీసా పడుతుందన్నాను.